అప్పుడు మనమేమన్నాం? – షానన్ విమానాశ్రయం, ఇరాక్ యుద్ధం, ఒక ఓటు

2014 డిసెంబరు. నేను లిమెరిక్‌లో ఇంజనీరింగ్ మాస్టర్స్ చేస్తున్న రోజులు. క్రిస్మస్ సెలవలకి లండన్‌లో ఉన్న పిన్నివాళ్ళింటికి బయలుదేరి తెల్లవారుజామునే షానన్ విమానాశ్రయానికి చేరాను. సెక్యూరిటీ దాటి లోపలికి వెళ్తే కాఫీ కౌంటర్ దగ్గర చాంతాడంత క్యూ. అందులో ఉన్నవాళ్ళంతా ఇసుకరంగు యూనిఫారాల్లో ఉన్న అమెరికన్ సైనికులు. చేతుల్లో ఆయుధాలేవీ లేవు. చాలామంది నాకన్నా చిన్నవాళ్ళలాగే ఉన్నారు. నా ముందున్న కుర్రాడు ఫోన్‌లో వాళ్ళమ్మతో కాబోలు, "ఐర్లాండులో ఉన్నాం, బయట వాన తప్ప ఏమీ కనబడ్డం లేదు" అని నవ్వుతూ చెబుతున్నాడు.

ఐర్లాండు తటస్థ దేశమని, ఏ సైనిక కూటమిలోనూ లేదని చదువుకుని వచ్చినవాణ్ణి. మరి వీళ్ళిక్కడేం చేస్తున్నారు? ఆ ప్రశ్న ఆ రోజు విమానం ఎక్కగానే మర్చిపోయాను. పదేళ్ళ తర్వాత అది మళ్ళీ నా ముందుకొచ్చింది. ఎందుకో చెబుతాను.

బతుకమ్మ, సంక్రాంతి, స్టాంప్ 4 కబుర్ల మధ్య ఈ యుద్ధం గొడవేమిటని విసుక్కోకండి. మనలో చాలామంది ఇక్కడి పౌరసత్వం తీసుకున్నారు. నాలాంటివాళ్ళు దరఖాస్తు పెట్టుకుని ఉత్తరం కోసం ఎదురుచూస్తున్నారు. పౌరసత్వం లేని మనకి స్థానిక కౌన్సిల్ ఎన్నికల్లో మాత్రమే ఓటు. అది వచ్చాక డాయిల్‌కి (ఇక్కడి పార్లమెంటు దిగువ సభ), అధ్యక్ష ఎన్నికలకి, రెఫరెండాలకి కూడా ఓటు వస్తుంది. ఈ దేశపు సైనికులు ఎక్కడికి వెళ్ళవచ్చు, ఎవరి అనుమతితో వెళ్ళాలి అన్న చర్చ ఇక్కడ నడుస్తోంది. అందులో మన మాట కూడా ఒకటి ఉండబోతోంది. ఆ మాట ఏమిటో ముందుగా ఆలోచించుకోవద్దూ?

షానన్‌లో దిగిన యుద్ధం

షానన్ మామూలు విమానాశ్రయం కాదు. అట్లాంటిక్ దాటే విమానాలు ఒకప్పుడు ఇక్కడ ఆగి ఇంధనం నింపుకునేవి. ప్రపంచంలో మొట్టమొదటి డ్యూటీ ఫ్రీ షాపు 1947లో ఇక్కడే తెరిచారు. అమెరికా సైనిక విమానాలు ఆగడం కూడా దశాబ్దాలుగా ఉన్నదే. అయితే 2001 సెప్టెంబరు 11 తర్వాత, ముఖ్యంగా 2002 చివరి నుంచి, ఆ రాకపోకలు ఒక్కసారిగా పెరిగాయి. అప్పటినుంచి షానన్ మీదుగా వెళ్ళిన అమెరికన్ సైనికుల సంఖ్య 20 లక్షలు దాటింది.

2002 నవంబరులో ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి ఇరాక్ మీద 1441 తీర్మానం చేసినప్పుడు ఐర్లాండు అందులో తాత్కాలిక సభ్యదేశం. తీర్మానానికి అనుకూలంగా ఓటేసింది. దాన్ని పదిహేను దేశాలూ ఏకగ్రీవంగా ఆమోదించాయి. ఆయుధాల తనిఖీకి సహకరించకపోతే తీవ్ర పరిణామాలుంటాయని సద్దాంకి హెచ్చరిక అది. యుద్ధానికి అది అనుమతా కాదా అన్నదే ఆ తర్వాతి తగాదా అంతా.

2003 ఫిబ్రవరి 15న డబ్లిన్ వీధుల్లో జనం పోటెత్తారు. నిర్వాహకులే అంతమంది వస్తారనుకోలేదు. దాదాపు లక్షమంది అన్నారు. జనాభా నలభై లక్షలకి అటూ ఇటూగా ఉన్న దేశంలో లక్షమంది! సద్దాం మంచివాడని వాళ్ళెవరూ అనలేదు. సమితి ఆమోదం లేని యుద్ధానికి మన నేల వాడుకోనివ్వద్దు అన్నారు.

ప్రధానమంత్రి బెర్టీ అహెర్న్ ప్రభుత్వం మాత్రం, ఎన్నాళ్ళనుంచో ఇస్తున్న సౌకర్యాన్ని ఇప్పుడు ఆపేస్తే అదే ఒక పక్షం తీసుకోవడం అవుతుందని వాదించింది. బాంబులు పడడం మొదలైన మార్చి 20నే డాయిల్‌లో తీర్మానం నెగ్గించుకుంది. యుద్ధంలో మేము పాల్గొనడం లేదు, విమానాలు మాత్రం ఆగొచ్చు అన్నది దాని సారాంశం.

అక్కడితో ఆగలేదు. ఐరిష్ సైన్యంలో పనిచేసి రిటైరైన ఎడ్వర్డ్ హోర్గన్ హైకోర్టుకెళ్ళారు. 2003 ఏప్రిల్‌లో వచ్చిన తీర్పు ఒక విచిత్రం. యుద్ధానికి వెళ్తున్న సైన్యాన్ని పెద్ద ఎత్తున తన భూభాగం మీదుగా పోనివ్వడం తటస్థ దేశం చెయ్యకూడని పని అని అంతర్జాతీయ న్యాయం చెబుతోందని జడ్జిగారు ఒప్పుకున్నారు. కానీ ఇలాంటి విషయాలు తేల్చుకునే అధికారాన్ని రాజ్యాంగం ప్రభుత్వానికీ డాయిల్‌కీ ఇచ్చిందని, కోర్టు అందులో వేలు పెట్టదని కేసు కొట్టేశారు. "నువ్వు చెప్పింది నిజమే, కానీ నేనేం చెయ్యలేను" అన్నట్టు.

మరో కేసు ఉంది. 2003 ఫిబ్రవరి మొదటివారంలో అయిదుగురు యుద్ధ వ్యతిరేకులు షానన్‌లోకి చొరబడి అమెరికా నౌకాదళ విమానం ఒకదాన్ని గొడ్డలీ సుత్తులతో పాడుచేశారు. చేసింది దాచలేదు. ఇరాక్‌లో ప్రాణాలు కాపాడడానికే చేశామని నిజాయితీగా నమ్మామన్నారు. విచారణ రెండుసార్లు మధ్యలో ఆగిపోయి, మూడోసారి, 2006 జులైలో డబ్లిన్ కోర్టులో పన్నెండుమంది జ్యూరీ వాళ్ళందరినీ ఏకగ్రీవంగా నిర్దోషులన్నది. నాకీ కేసులో విమానం కంటే తేదీ ఆసక్తికరం. 2003లోనే తీర్పు చెప్పమంటే ఆ పన్నెండుమందీ ఏమనేవాళ్ళు? 2004లోనే అమెరికా పంపిన తనిఖీ బృందమే ఇరాక్‌లో సామూహిక విధ్వంసక ఆయుధాల నిల్వలు లేవని తేల్చేసింది. 2006కల్లా రోజూ బాగ్దాద్ బాంబు పేలుళ్ళు టీవీలో చూస్తున్నాం. మన అభిప్రాయంలో మన వివేకం ఎంత, కేలండరు ఎంత?

మా ఇంట్లో రెండు ఓట్లు

2003 మార్చి 20 నాకు బాగా గుర్తుంది. అప్పుడు నేను రాజంపేటలో ఎనిమిదో తరగతి. ఆ సాయంత్రం ప్రపంచకప్ సెమీఫైనల్, ఇండియాకీ కెన్యాకీ. గంగూలీ సెంచరీ కొడుతున్నాడు. ఓవరు అయిపోగానే ఛానల్ మార్చి బాగ్దాద్ చూడడం, మళ్ళీ మ్యాచికి రావడం. మాకు రెండూ మ్యాచిలే.

మా మామ కువైట్‌లో డ్రైవరు. కడప జిల్లాలో కువైట్‌తో సంబంధం లేని వీధి ఉండదని మీలో ఆ వైపువాళ్ళకి చెప్పనక్కర్లేదు. గోదావరి జిల్లాల వాళ్ళకీ తెలుసు. 1990 ఆగస్టులో సద్దాం సైన్యం కువైట్‌ని ఆక్రమించినప్పుడు మామ అక్కడే ఉన్నాడు. జీతం బాకీ, సూట్‌కేసు, టేపురికార్డరు అన్నీ వదిలేసి బాగ్దాద్ మీదుగా బస్సుల్లో జోర్డాన్ చేరి, అమ్మాన్‌లో డేరాల్లో రోజులు గడిపి, ఎయిరిండియా విమానంలో బొంబాయిలో దిగాడు. ఆ తరలింపులో 488 విమాన ప్రయాణాల్లో 1,70,000 మందికి పైగా భారతీయుల్ని తీసుకొచ్చారు. 1991లో అమెరికా సేనలు కువైట్‌ని విడిపించాకే మామ మళ్ళీ పనిలో చేరాడు. మా అమ్మమ్మవాళ్ళింటి మేడ ఆ తర్వాతి జీతంతో లేచిందే.

2003లో యుద్ధం వస్తుందని భయపడి మామ ఫిబ్రవరిలోనే సెలవు పెట్టి ఇంటికొచ్చేశాడు. ఆ రాత్రి టీవీ ముందు ఆయన మాట ఒకటే: "వానికి ఈ శాస్తి ఎప్పుడో కావాల్సింది." మా నాన్న హైస్కూల్లో సోషల్ టీచరు. ఆయన మాట ఇంకొకటి: "ఒకడి ఇంట్లో దొంగ ఉన్నాడని ఊరంతా వెళ్ళి ఇల్లు తగలబెడతారా బావా?" ఇద్దరూ భోజనాలు మానేసి వాదించుకున్నారు.

ఇప్పుడు తలచుకుంటే ఇద్దరిదీ రెండు వేరు వేరు యుద్ధాలు. మామ మనసులో నడుస్తున్నది 1991. ఒక దేశం ఇంకో దేశాన్ని మింగేస్తే సమితి అనుమతితో వెళ్ళి విడిపించిన యుద్ధం అది. నాన్న చూస్తున్నది 2003. టీవీలో కనిపించే ఎడారి, శత్రువు పేరు, ట్యాంకులు అన్నీ అవే. న్యాయం మాత్రం వేరు. అనుభవించినవాడికి పాత గాయమే కొలబద్ద అవుతుంది. దాన్ని తప్పనే హక్కు డ్రాయింగ్ రూములో కూర్చున్న మనకి లేదు. కానీ పాత గాయం కొత్త యుద్ధానికి సాక్ష్యం కాదు కదా.

జ్ఞాపకం చేసే మోసం

2023 మార్చిలో, ఆ యుద్ధానికి ఇరవయ్యేళ్ళయిన సందర్భంలో, డబ్లిన్‌లోని మా ఆఫీసు కేంటీన్‌లో ఈ ప్రస్తావన వచ్చింది. యాభైలలో ఉన్న మా సహోద్యోగి ఒకాయన క్లేర్ కౌంటీ మనిషి. ఆనాటి ఊరేగింపులో వానలో నడిచానన్నాడు. నేనూ ఏమాత్రం తడుముకోకుండా, "మా ఇంట్లో అందరం మొదట్నుంచీ వ్యతిరేకమే. చిన్నవాణ్ణయినా నాకు అది అన్యాయమని తెలుసు" అనేశాను.

ఆ ఆదివారం మామకి ఫోన్ చేసినప్పుడు ఈ మాట చెప్పాను. అటువైపు నుంచి పెద్ద నవ్వు. "ఏం రా అల్లుడా, అట్ల చెప్తాండావు? మిసైలు పడినప్పుడల్లా నా పక్కన కూర్చోని చప్పట్లు కొడితివి కదరా. మీ నాయన నిన్ను కసిరి లోపలికి పంపించినాడు గూడా."

సిగ్గుపడ్డాను. అబద్ధం చెప్పానని కాదు. నేను నిజమే చెబుతున్నాననుకున్నాను! అదే భయం వేసింది.

నేనొక్కణ్ణే కాదని తర్వాత తెలిసింది. బ్రిటన్‌లో యూగవ్ అనే సర్వే సంస్థ 2003లో ఇరాక్ యుద్ధం సరైనదేనా అని 21 సార్లు అడిగింది. సగటున 54 శాతం సరైనదే అన్నారు. అదే సంస్థ 2015లో "అప్పుడు మీరేమనుకున్నారు?" అని అడిగితే, అప్పట్లో సమర్థించామని చెప్పినవాళ్ళు 37 శాతమే. మిగతావాళ్ళు ఏమయ్యారు? ఎక్కడికీ పోలేదు, నాలాగే మర్చిపోయారు. అమెరికాలో ప్యూ సంస్థ లెక్కల్లో యుద్ధం మొదలైన రోజుల్లో పదిమందిలో ఏడుగురు సరైన నిర్ణయమే అన్నారు. 2018 నాటికి అలా అన్నవాళ్ళు 43 శాతం, తప్పన్నవాళ్ళు 48 శాతం. అభిప్రాయం మారడం తప్పు కాదు, కొత్త సంగతులు తెలిస్తే మారాలి కూడా. మారిందన్న సంగతే మర్చిపోవడం తప్పు. ఎందుకంటే "నేనెప్పుడూ సరిగ్గానే ఆలోచించాను" అనుకునేవాడు తర్వాతి యుద్ధానికి మళ్ళీ అంతే ధీమాగా చప్పట్లు కొడతాడు.

నిందా? ఖండనా?

ఇక మన దేశం సంగతి. 2003 ఏప్రిల్‌లో మన లోక్‌సభ ఇరాక్ మీద తీర్మానం చేసింది. ప్రతిపక్షాలు దాడిని ఖండించాలన్నాయి. వాజ్‌పేయి ప్రభుత్వం అంత గట్టి మాట వద్దంది. చివరికి హిందీలో "నిందా" అన్న పదం దగ్గర రాజీ కుదిరింది. ఇంగ్లీషులో విచారం వ్యక్తం చేసినట్టు చదువుకోవచ్చు, హిందీలో ఖండించినట్టు చదువుకోవచ్చు. (మన తెలుగులో అయితే నింద అంటే చెయ్యని తప్పు మీద వేసేది, నీలాపనిందలాగ. మనం ఆ మాట వాడి ఉంటే అమెరికాయే సంతోషించేదేమో!)

మాట మెత్తగా ఉన్నా పని మాత్రం గట్టిగానే జరిగింది. ఇరాక్‌కి భారత సైన్యాన్ని పంపమని అమెరికా అడిగితే, సమితి స్పష్టమైన ఆదేశం లేనిదే కుదరదని 2003 జులైలో మన ప్రభుత్వం తేల్చి చెప్పింది. అటు ఐర్లాండు యుద్ధంలో లేమంటూనే విమానాలు ఆగనిచ్చింది. గట్టి మాటకీ గట్టి పనికీ సంబంధం ఉండక్కర్లేదని ఈ రెండు దేశాలూ చూపించాయి.

1971 అనే చిక్కుప్రశ్న

"అయితే సమితి ఒప్పుకుంటే న్యాయం, లేకపోతే అన్యాయం. అంతేగా?" అనుకుంటే పప్పులో కాలేసినట్టే. 1971 డిసెంబరు 7న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ భారత్, పాకిస్తాన్ కాల్పులు ఆపి సేనల్ని వెనక్కి తీసుకోవాలని తీర్మానించింది. అనుకూలం 104, వ్యతిరేకం 11. ప్రపంచం దృష్టిలో మనం చేసింది పరాయి గడ్డ మీద సైనిక జోక్యమే. తూర్పు పాకిస్తాన్ నుంచి దాదాపు కోటిమంది శరణార్థులు మన దేశంలోకి వచ్చిపడ్డారన్నది మన కారణం. విశాఖ బీచ్ రోడ్డులో "విక్టరీ ఎట్ సీ" స్మారకం దగ్గర ఫొటో దిగిన మనలో ఎవరికైనా ఆ యుద్ధం న్యాయమా అన్న అనుమానం వచ్చిందా? నాకయితే ఇప్పటికీ రాలేదు.

సరే, మరి 1987? శాంతి పరిరక్షణ పేరుతో మన సైన్యం శ్రీలంక వెళ్ళింది. ఎవరిని కాపాడడానికి వెళ్ళిందో వాళ్ళతోనే పోరాడాల్సొచ్చింది. 1990 మార్చిలో తిరిగొచ్చేసరికి వెయ్యిమందికి పైగా జవాన్లు చనిపోయారు. అక్కడి తమిళుల కష్టం చెప్పనలవి కాదు. దాని మాట మన ఇళ్ళల్లో ఎవరైనా ఎత్తగా విన్నారా? గెలిచినదాన్ని న్యాయమంటాం. కలిసిరానిదాన్ని మర్చిపోతాం.

ఇంకోవైపు 1994లో రువాండా ఉంది. ఎవరూ బలంగా జోక్యం చేసుకోలేదు. వంద రోజుల్లో లక్షలమంది హతమయ్యారు. కాబట్టి వెళ్ళడం ఎప్పుడూ తప్పని కూడా అనలేం.

మూడు తాళాల పెట్టె

ఇప్పుడు ఐర్లాండు చర్చకి వద్దాం. ఈ దేశం పన్నెండుమందికి మించి సైనికుల్ని బయటి దేశంలో కార్యకలాపాలకి పంపాలంటే మూడు తాళాలు తియ్యాలి. ప్రభుత్వ నిర్ణయం, డాయిల్ ఆమోదం, ఐక్యరాజ్యసమితి ఆదేశం. దీన్నే "ట్రిపుల్ లాక్" అంటారు. 2001లో నీస్ ఒప్పందాన్ని రెఫరెండంలో ఓడించిన ప్రజలకి ధైర్యం చెప్పడానికి 2002లో ప్రభుత్వం చేసిన వాగ్దానమిది. ఆ ఏడాది రెండో రెఫరెండంలో ఒప్పందం నెగ్గింది.

2025 మార్చిలో కేబినెట్ ఈ మూడో తాళం తీసెయ్యడానికి ముసాయిదా చట్టాన్ని ఆమోదించింది. పన్నెండు పరిమితిని యాభైకి పెంచాలన్నది కూడా అందులో ఉంది. ప్రభుత్వ వాదనలో పస లేకపోలేదు. మా సైనికులు ఎక్కడికెళ్ళాలో నిర్ణయించే వీటో రష్యా, చైనాల చేతిలో ఎందుకుండాలి అంటున్నారు. ఉదాహరణ కూడా ఉంది. 1999లో మాసిడోనియాలో ఉన్న సమితి శాంతిదళాన్ని కొనసాగించకుండా చైనా వీటో చేసింది. 2003లో యూరోపియన్ యూనియన్ అక్కడికి దళాన్ని పంపినప్పుడు ఐర్లాండు వెళ్ళలేకపోయింది.

అవతలి వాదన: 1958 నుంచి ఐరిష్ సైనికులు నీలిరంగు టోపీతో బయటికెళ్తున్నారు. ఆ టోపీయే వాళ్ళకి రక్షణా, గౌరవమూ. కాంగోలో 1960 దశకం మొదట్లో మన భారత జవాన్లతో పాటు పనిచేసిందీ, లెబనాన్‌లో 1978 నుంచి నలభై ఐదుకు పైగా ప్రాణాలు పోగొట్టుకుందీ ఆ టోపీ కిందే. 2025 అక్టోబరులో అధ్యక్షురాలిగా ఎన్నికైన క్యాథరిన్ కొనొలీ తటస్థత గురించి గట్టిగా మాట్లాడి 63 శాతం ఓట్లు తెచ్చుకున్నారు. ఆ ఓట్లన్నీ ఈ ఒక్క విషయానికే పడ్డాయని అనను గానీ, జనం మనసులో ఇది ఉందని మాత్రం తెలుస్తోంది.

రెండు వైపులా అంతగా మాట్లాడని సంగతి ఒకటుంది. ఈ మూడు తాళాలూ షానన్ తలుపుకి లేవు! ఐరిష్ సైనికుడు బయటికెళ్ళడానికే అవి. వేరే దేశపు సైనికుడు ఇటుగా యుద్ధానికి వెళ్ళడానికి కావు. ఒక్క సైనికుణ్ణి కూడా పంపకుండా ఒక యుద్ధానికి సాయం చెయ్యవచ్చని 2003లో తెలిసింది. అందులో మన వాటా కూడా చెప్పుకోవాలి. నా జీతం ఒక అమెరికన్ కంపెనీది. మీలో చాలామందిదీ అంతే. అప్పట్లో అహెర్న్‌గారు లెక్కలు వేసుకున్నప్పుడు ఈ ఉద్యోగాలు ఆ లెక్కలో లేవని ఎవరంటారు? ఆ పెట్టుబడుల నీడలో బతుకుతూ ఆయన్ని పిరికివాడనడం నాకు చేతకాదు.

ఇంతకీ నా మాట

నా ఓటు వచ్చిన రోజున నేను మూడో తాళం ఉండాలనే వాళ్ళవైపే ఉంటాను. భద్రతా మండలి ధర్మపీఠమని కాదు. 1971, 1994 తెలిసి కూడా అలా అనలేను. కానీ యుద్ధం మొదలైన రోజు రాత్రి టీవీ ముందు కూర్చున్న నన్ను నేనే నమ్మలేను కాబట్టి. ప్రభుత్వాలూ ఆ రాత్రి నాలాగే ఉంటాయి. మన ఆవేశంతో సంబంధం లేనివాడి చేతిలో ఒక తాళంచెవి ఉంటే, కాస్త ఆలస్యమైనా అవుతుంది. ఆ ఆలస్యంలో ఒక్కోసారి మంచిపని ఆగిపోతుంది, మాసిడోనియాలో ఆగినట్టు. ఆ నష్టం ఉందని ఒప్పుకునే ఈ మాటంటున్నాను. మూడో తాళం తీసెయ్యాల్సే వస్తే, దాని బదులు డాయిల్‌లో మూడింట రెండొంతుల మెజారిటీ లాంటి బరువైన తాళం ఇంకొకటి వెయ్యాలి. షానన్‌కి కూడా డాయిల్ తాళం ఒకటుండాలి.

మన వృత్తిలో గిట్ వాడని వాళ్ళుండరు. అందులో "బ్లేమ్" అని కమాండ్ ఉంది. ఏ లైను ఎవరు, ఎప్పుడు రాశారో చూపిస్తుంది. ఎన్నిసార్లు ఎవరిదో తప్పని కొడితే నా పేరే బయటపడిందో! మన అభిప్రాయాలకి అలాంటిది లేదు. అందుకని మామ ఫోన్ తర్వాత నేనొక నోటుపుస్తకం పెట్టాను. ఎక్కడైనా యుద్ధం మొదలైతే తేదీ వేసి మూడు సంగతులు రాస్తాను. నేనేమనుకుంటున్నాను, ఎవరు చెప్పింది నమ్మి అనుకుంటున్నాను, ఏం తెలిస్తే మనసు మార్చుకుంటాను. 2023 తర్వాత దురదృష్టవశాత్తూ ఆ పుస్తకంలో పేజీలు త్వరగానే నిండుతున్నాయి. వెనక్కి తిప్పి చదివితే మూడోచోట మాట తప్పినవి కూడా కనబడుతున్నాయి.

మీరూ ఒకసారి ఇంట్లో పెద్దవాళ్ళకి ఫోన్ చేసి అడగండి, 2003లో మీరేమన్నారో. మీకు గుర్తున్నది కాదు, వాళ్ళకి గుర్తున్నది. మామ ఇప్పటికీ తన మాట మీదే ఉన్నాడు, నాన్న తన మాట మీదే. మా ఇంట్లో మాట మార్చి, మార్చానని మర్చిపోయినవాణ్ణి నేనొక్కణ్ణే. ఓటు రాబోతున్నది కూడా నాకే.